తప్పు ఊదితే ఏం చేస్తారు?

తొమ్మిదేళ్ళుగా చలికాలంలో వారానికి రెండు మూడు సాయంత్రాలు నేను ఇంట్లో దొరకను. ఒహాయోలో మా చుట్టుపక్కల హైస్కూల్ జిమ్ముల్లో, నలుపూ తెలుపూ చారల చొక్కా వేసుకుని, మెడలో విజిల్ తగిలించుకుని బాస్కెట్‌బాల్ రెఫరీగా పరుగులు పెడుతుంటాను. మనవాళ్ళ పాట్‌లక్‌లలో ఈ సంగతి బయటపడగానే మొదటి ప్రశ్న "ఎంతిస్తారండీ?" అని. కారు గ్యాస్‌కీ, ఏడాదికో జత బూట్లకీ, మోకాలి పట్టీలకీ పోగా మిగిలేదెంతో చెప్పగానే ఆ ఆసక్తి చల్లారిపోతుంది. రెండో ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది, ఒక చిన్న నవ్వుతో. "మరి తప్పు ఊదితే ఏం చేస్తారు?"

అడిగేవాళ్ళ మనసులో అప్పటికే రెండు జవాబులుంటాయి. ఒకటి, టీవీలో చూపించినట్టు వెళ్ళి రీప్లే చూస్తారని. రెండోది, ఊదిందే వేదమని మొండికేస్తారని. ఈ రెండోది నాకు బాగా పరిచయం. మా ఊరి హైస్కూల్లో పీఈటీ మాస్టారు కబడ్డీలో ఈల ఊది వేలు చూపించారంటే అవుటే. "నేను తాకలేదు సార్" అన్నవాడికి గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నదే ఆయన రూల్ బుక్కు. ఆయన్నేమీ తప్పుపట్టడం లేదు, ఎనభై మంది పిల్లల్ని ఒక్క ఈలతో అదుపులో పెట్టాలి కదా. కానీ ఇక్కడ రెఫరీ అవుదామని మొదటిసారి బాస్కెట్‌బాల్ నియమాల పుస్తకం తెరిచినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. రెఫరీ తప్పు చేస్తాడని అందులో ముందే ఒప్పేసుకున్నారు. ఏ తప్పు దిద్దవచ్చో, ఎప్పటిలోగా దిద్దాలో, ఆ గడువు దాటితే ఏమవుతుందో రాసి పెట్టారు.

అమెరికాలో హైస్కూల్ ఆటల నియమాలు రాసేది నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ స్టేట్ హైస్కూల్ అసోసియేషన్స్ అనే సంస్థ. వాళ్ళ బాస్కెట్‌బాల్ పుస్తకంలో రెండో నియమం, పదో విభాగంలో దిద్దగల తప్పులు ఐదే ఐదు ఉంటాయి. ఇవ్వాల్సిన ఫ్రీ త్రో ఇవ్వకపోవడం. ఇవ్వకూడని ఫ్రీ త్రో ఇవ్వడం. ఒకడు వేయాల్సిన ఫ్రీ త్రో ఇంకొకడు వేయడం. ఫ్రీ త్రో అవతలి బుట్టలో వేయించడం. లెక్కలోకి రాని పాయింట్లు కలపడం, లేదా రావలసినవి తీసేయడం. ఫౌల్ అయిందా లేదా అన్న ప్రశ్న వీటిలో ఎక్కడా లేదని గమనించండి. కంటికి సంబంధించిన తప్పులు కావివి. ఊదిన ఫౌల్‌కి పడాల్సిన శిక్ష ఒకటైతే పడింది మరొకటి కావడం, అంతే.

దీనికి గడువుంది. తప్పు జరిగాక గడియారం మళ్ళీ సరిగ్గా మొదలైన తర్వాత, బంతి మొదటిసారి ఆగినప్పుడు రెఫరీ దాన్ని గుర్తించాలి. ఆ విరామం దాటి బంతి మళ్ళీ ఆటలోకి వెళ్ళిందా, ఇక అంతే సంగతులు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే వీలు లేదు. గడియారం నడుస్తూ ఉండగా జరిగిన తప్పుకి లెక్క కాస్త వేరు, ఆ చిక్కులోకి వెళ్ళను. తప్పు జరిగిందని కోచ్‌కి అనిపిస్తే టేబుల్ దగ్గరికి వచ్చి అడగవచ్చు. నిజంగా తప్పుంటే సరే, లేదంటే అతని టైమవుట్ ఒకటి ఖర్చవుతుంది. క్రికెట్‌లో డీఆర్ఎస్ తీసుకుని రివ్యూ పోగొట్టుకున్నట్టన్నమాట.

మరికొన్నింటికి విడిగా దారులున్నాయి. గడియారం తప్పుగా నడిస్తే, ఎంత సమయం పోయిందో రెఫరీకి కచ్చితంగా తెలిస్తేనే సరిచేయాలి, ఉజ్జాయింపుగా పనికిరాదు. బంతి లోపలికి విసిరే అవకాశం ఒక టీమ్‌ది అయితే రెండో టీమ్‌కి ఇచ్చేయడం మామూలుగా జరిగే పొరపాటు. 2023-24 సీజన్ నుంచి దాన్ని, మధ్యలో బంతి చేతులు మారకపోతే, ఆట తర్వాత ఆగేలోపు దిద్దుకోనిస్తున్నారు. రీప్లే అంటారా, హైస్కూల్ ఆటలో దాదాపు లేనట్టే. రాష్ట్ర సంఘం ఒప్పుకుంటే స్టేట్ ఛాంపియన్‌షిప్ పోటీల్లో, అదీ ఆఖరి క్షణంలో వేసిన షాట్ సమయంలోగా చేతిలోంచి వెళ్ళిందా లేదా, అది రెండు పాయింట్లా మూడా అని తేల్చుకోవడానికి మాత్రమే. మంగళవారం రాత్రి మా జిమ్ములో ఏ తెరా ఉండదు. తల్లిదండ్రుల చేతుల్లోని ఫోన్లు మాత్రం ఓ నలభై ఉంటాయి.

ఇక మిగిలినవన్నీ, అంటే ఓ సాయంత్రం ఊదే ఈలల్లో నూటికి తొంభై, కంటికి సంబంధించినవే. చెయ్యి తగిలింది చేతికా బంతికా? దూసుకొచ్చినవాడిదా తప్పు, అడ్డం నిలబడినవాడిదా? వీటికి అప్పీలు లేదు. నా పక్క రెఫరీ చూసిన దాన్ని నేను కొట్టిపారేసే అధికారం కూడా నాకు లేదు. నాకు వేరే కోణం కనిపించి ఉంటే దగ్గరికెళ్ళి "నేను చూసింది ఇదీ" అని మెల్లగా చెప్పవచ్చు. మార్చుకోవడం, మార్చుకోకపోవడం ఈల ఊదినవాడి ఇష్టం. ఆటగాడు చెప్పినా మారదు. క్రికెట్‌లో అలా కాదు. 1980లో బొంబాయి స్వర్ణోత్సవ టెస్టులో బాబ్ టేలర్‌ని అంపైర్ అవుటిచ్చాక, బంతి బ్యాటుకి తగల్లేదని మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అతన్ని వెనక్కి పిలిపించాడు. టేలర్ బోథమ్‌తో కలిసి 171 పరుగులు జోడించాడు, ఆ మ్యాచ్ మనం ఓడిపోయాం. బాస్కెట్‌బాల్‌లో అంత పెద్దమనసున్న కెప్టెన్ ఉన్నా ఏమీ చేయలేడు. ఫౌల్‌ని వెనక్కి తీసుకునే హక్కు ఎదుటి టీమ్‌కి లేదు.

ఇవన్నీ పుస్తకంలో చదివితే ఒక రకం, కళ్ళ ముందు జరిగితే ఒక రకం. అందుకే ఒక సాయంత్రం సంగతి చెప్పాలి.

మా తెలుగువాళ్ళబ్బాయి ఒకడున్నాడు. పేరు రాయను. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, యూనివర్సిటీలో రెండో ఏడాది. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడాడు కానీ టీమ్‌లో ఎక్కువగా బెంచి మీదే కూర్చున్నాడు. ఆటంటే ప్రాణం. వాణ్ణి రెఫరీ క్లాసుల్లో చేర్పించింది నేనే. కోవిడ్ కాలంలో వేలమంది రెఫరీలు మానేశారు, ఉన్నవాళ్ళలో చాలామందికి నా వయసో అంతకంటే ఎక్కువో. కుర్రాళ్ళు దొరకడమే కష్టమైపోయింది. వాడు పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, మొదటి సీజన్లో జేవీ ఆటలు, అంటే స్కూలు రెండో జట్టు ఆటలు చేస్తున్నాడు. జేవీకి ఇద్దరే రెఫరీలు. ఆ రోజు రెండోవాడు కూడా కొత్తవాడే. అది అయ్యాక అదే జిమ్ములో పెద్ద జట్టు ఆట, దానికి నేనూ ఇంకో ఇద్దరం. ముందుగానే చేరుకుని, ఒక మూల మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను.

సొంత స్కూలు పిల్లలు తెల్ల చొక్కాలు, వచ్చినవాళ్ళు ఎర్ర చొక్కాలు. నాలుగో క్వార్టర్ నడుస్తోంది. బంతి తెల్లవాళ్ళ దగ్గర ఉంది. వాళ్ళలో ఒకడు, తోటివాడికి దారి చేయడానికి ఎర్ర చొక్కావాడికి అడ్డంగా నిలబడ్డాడు. నిలబడితే సరే, కానీ పక్కకి జరిగి భుజంతో తోశాడు. మావాడు ఈల ఊదాడు. చక్కటి ఈల. తెల్లవాళ్ళకి ఆ క్వార్టర్లో అది ఐదో ఫౌల్. ఐదో ఫౌల్ నుంచి ఎదుటివాళ్ళకి రెండు ఫ్రీ త్రోలు. ఈ పద్ధతి కూడా 2023-24లోనే వచ్చింది. మావాడు టేబుల్ వైపు తిరిగి, నంబరు చెప్పి, రెండు వేళ్ళు చూపించాడు.

అక్కడే పట్టు తప్పింది. బంతి ఎవరి చేతిలో ఉందో ఆ జట్టే ఫౌల్ చేస్తే ఫ్రీ త్రోలుండవు, అది ఎన్నో ఫౌల్ అయినా సరే. ఎర్రవాళ్ళకి బంతి ఇచ్చి, పక్క గీత దగ్గర నుంచి విసరమనాలి, అంతే. మెట్ల మీద కూర్చున్న నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెల్లవాళ్ళ కోచ్ ఏదో అరుస్తున్నాడు కానీ, ఆ జిమ్ములో అందరూ ఏదో ఒకటి అరుస్తూనే ఉన్నారు. రెండో రెఫరీ ఒక్క క్షణం తటపటాయించి తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు. ఎర్ర చొక్కా కుర్రాడు ఫ్రీ త్రో గీత దగ్గరికి వచ్చాడు.

నేను లేవలేదు. లేచి "ఒరే, ఫ్రీ త్రోలు కాదురా" అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ ఆ ఆటలో నాకు ఏ అధికారమూ లేదు. నేనూ టికెట్ కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుడూ ఒక్కటే. నియమం ప్రకారం గుర్తించాల్సింది ఆ ఆట రెఫరీలు. మెట్ల మీంచి దిగివచ్చి ఆటని సరిచేస్తే ఏమవుతుందో బాస్కెట్‌బాల్ లోకానికి 1972లోనే తెలిసింది.

అది మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్. అమెరికా, సోవియట్ యూనియన్. మూడు సెకన్లుండగా డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేసి అమెరికాని 50-49తో ముందుకు తెచ్చాడు. మేం టైమవుట్ అడిగితే ఇవ్వలేదని సోవియట్ బెంచి గొడవ చేసింది, ఒక్క సెకను ఉండగా ఆట ఆగింది. అప్పటి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య కార్యదర్శి విలియం జోన్స్ తన సీట్లోంచి దిగివచ్చి, మూడు సెకన్లు వెనక్కి పెట్టమన్నాడు. గడియారం సరిగా పెట్టకముందే ఆట మొదలై హారన్ మోగింది. అమెరికన్లు గెలిచామని గంతులు వేశారు. కాదు, మళ్ళీ మూడు సెకన్లు అన్నారు. మూడోసారి అలెగ్జాండర్ బెలోవ్ బంతి అందుకుని బుట్టలో వేశాడు. 51-50. బ్రెజిల్ రెఫరీ రెనాటో రిగెట్టో స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టనన్నాడు. అమెరికా జట్టు వెండి పతకాలు తీసుకోలేదు. టైమవుట్ విషయంలో సోవియట్ కోచ్‌ల మాట న్యాయమే కావచ్చు, నేను దాని జోలికి పోను. దిద్దే పని ఎవరిది కాదో వాళ్ళు దిద్దారు. దాంతో అసలు తప్పేదో తేలకుండానే పోయింది, దిద్దుబాటు మీద అరవై రకాల వాదనలు మాత్రం మిగిలాయి.

మా జిమ్ముకి వద్దాం. ఎర్రవాడు మొదటి ఫ్రీ త్రో వేశాడు. రెండోది తప్పింది. బంతి తెల్లవాళ్ళకి దొరికింది, గడియారం మొదలైంది, అటు పరుగెత్తారు. ఎర్రవాడి చేతికి తగిలి బంతి గీత దాటింది. ఆట ఆగింది. అదే మొదటి విరామం, అదే గడువు. తెల్లవాళ్ళ కోచ్ ఈసారి అరవలేదు. టేబుల్ దగ్గరికి వచ్చి, దిద్దగల తప్పు ఉంది, చూడమన్నాడు. ఇద్దరు కుర్రాళ్ళూ టేబుల్ దగ్గర చేరారు. స్కోర్‌బుక్ రాసే పెద్దావిడ ఏదో వేలు పెట్టి చూపించింది. మావాడి మొహం నాకు దూరం నుంచే కనిపిస్తోంది. పది సెకన్లు కదలకుండా నిలబడ్డాడు. తర్వాత ఇద్దరు కోచ్‌లనీ ఒకచోటికి పిలిచాడు. ఇది మేం క్లాసులో చెప్పేదే. ఒక కోచ్‌కి చెప్పి ఇంకో కోచ్‌కి చెప్పకపోతే రెండోవాడికి అది కుట్రలా కనిపిస్తుంది. "ఫ్రీ త్రోలు ఇవ్వకూడదు. అది నా తప్పు. ఆ పాయింట్ తీసేస్తున్నాం" అన్నాడట.

అంతవరకూ బాగుంది. ఆపైన వచ్చిపడింది అసలు చిక్కు. దిద్దుబాటు తర్వాత ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవ్వాలని నియమం. ఆగినప్పుడు బంతి ఎవరిది? తెల్లవాళ్ళది. మధ్యలో గడిచిన సమయం, జరిగిన ఆట వెనక్కి తిప్పరు. అంటే ఎర్రవాళ్ళు చేసిన తప్పేమీ లేకపోయినా వాళ్ళకి వచ్చిన పాయింట్ పోయింది, మొదట రావలసిన బంతీ రాలేదు. ఫౌల్ చేసిన తెల్లవాళ్ళ చేతికే బంతి వెళ్ళింది. ఎర్రవాళ్ళ కోచ్ చేతులు చాచి అడుగుతున్నాడు, "మరి మా బంతి ఏదీ?" అని. న్యాయమైన ప్రశ్న. దానికి నియమంలో జవాబు లేదు. మావాడు అదే చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు, ఈల ఊది ఆట మొదలుపెట్టాడు. ఆఖరికి ఎర్రవాళ్ళు రెండు పాయింట్లతో ఓడిపోయారు.

బయటికి వెళ్ళే గుమ్మం దాకా ఒకాయన వాడి వెంటపడి తిడుతూ వచ్చాడు. ఎవరో పిల్లాడి తండ్రి. నేను చూస్తూనే ఉన్నాను. స్కూలు వాళ్ళు వచ్చి ఆయన్ని ఆపారు.

మా ఆట అయ్యేదాకా వాడు ఆగాడు. పార్కింగ్‌లో మంచు పడుతోంది. కారు అద్దం మీద మంచు గీకుతూ వాడన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "అంకుల్, ఆ తర్వాత రెండు నిమిషాలకి ఒకటి వచ్చింది. ఎర్రవాడు దూసుకొచ్చాడు, తెల్లవాడు అడ్డం నిలబడ్డాడు. ఎటు ఊదినా ఎవరూ ఏమీ అనలేరు. నా చెయ్యి ఎర్రవాళ్ళ వైపు పోబోయింది. వాళ్ళకి ఒక బంతి బాకీ ఉన్నాను కదా."

"పోయిందా?"

"లేదు. నాకు కనిపించినట్టే ఊదాను. ఎర్రవాడి మీదే. వాళ్ళకి రెండోసారి అన్యాయం చేశానేమో అనిపిస్తోంది."

రెఫరీలందరికీ తెలిసిన జబ్బు ఇది. దీనికి ఇక్కడివాళ్ళు ఒక పేరు కూడా పెట్టారు, మేకప్ కాల్ అంటారు. ఒక తప్పుని ఇంకో తప్పుతో సరిచేయడం. అటు ఒకటి ఇచ్చాం కాబట్టి ఇటు ఒకటి. ఇది దురాశతోనో పక్షపాతంతోనో పుట్టేది కాదు. మంచివాళ్ళకే ఎక్కువగా వస్తుంది. ఎవరికీ అన్యాయం చేయకూడదన్న తపన ఉన్నవాడే, చేతిలోంచి జారిపోయిన న్యాయాన్ని ఎక్కడో ఒకచోట పూడ్చాలని చూస్తాడు. లెక్క సరిపోతే మనసు తేలికపడుతుంది.

నేను వాడితో పెద్దగా ఏమీ చెప్పలేదు. "బాకీ నీది. తీర్చేది ఎవరి జేబులోంచి?" అని అడిగాను. అడ్డం నిలబడిన ఆ తెల్ల చొక్కా కుర్రాడు సరైన చోట, సరైన పద్ధతిలో నిలబడ్డాడు. దూసుకొచ్చినవాడి మోకాలు ఛాతీకి తగిలినా కదల్లేదు. పదిహేనేళ్ళవాడు. కోచ్ వాడికి నెలల తరబడి నేర్పించింది అదే. ఆ ఒక్కసారి సరిగ్గా చేసినప్పుడు రెఫరీ వాడి చేతిలోది లాక్కుని, ఎప్పుడో ఎవరికో పోయినదానికి జమ వేస్తే, వాడికి ఏం అర్థమవుతుంది? పైగా, మొదటి తప్పు తెలియక జరిగింది. రెండోది తెలిసి చేసేది. మొదటిదానికి రూల్ బుక్కులో ఒక విభాగం ఉంది, గడువుంది. రెండోదానికి ఏమీ లేదు. అది ఎవరికీ కనిపించదు, అందుకే దాన్ని దిద్దేవాళ్ళూ ఉండరు. రెండు జట్లకీ ఈలలు సమానంగా పడటం మా పని కాదు. ప్రతి ఆటనీ అది ఎలా జరిగిందో అలాగే చూడటం మా పని. ఇది చెప్పడానికి తేలిక. తిట్లు తింటూ, ఇరవై ఏళ్ళ వయసులో, చెయ్యి దానంతటదే ఒక వైపు లేవబోతుంటే ఆపుకోవడం తేలిక కాదు. వాడు ఆపుకున్నాడు. ఆ రాత్రి వాడు చేసిన గొప్ప పని అదేనని చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మగారి ఫోను. "అన్నయ్యగారూ, చదువుకునే పిల్లాడికి ఈ తిట్లు తినే పని ఎందుకండీ? రాత్రి అన్నం కూడా తినలేదు. మీరైనా చెప్పండి వాడికి, మానేయమని."

మానేయమని నేను చెప్పలేదు, మానొద్దనీ చెప్పలేదు. వాడితో మరో రోజు కూర్చుని, కోచ్‌తో ఎలా మాట్లాడాలో మాత్రం మాట్లాడుకున్నాం. మా పెద్ద రెఫరీలు కొత్తవాళ్ళకి చెప్పే మాట ఒకటుంది. కోచ్ ప్రశ్న అడిగితే జవాబు చెప్పు, కేక వేస్తే విను, తిడితే ఆపు. నీకు కనిపించనిది జరిగిందని తెలిస్తే "నేను చూడలేకపోయాను, కోచ్" అను. ఒక్క వాక్యం. వెనకాల కానీ, కాకపోతే, ఎందుకంటే అని ఏమీ తగిలించకు. ఆ మాటకి కోచ్ దగ్గర ఎదురు మాట ఉండదు. కానీ ఒక రాత్రిలో అది ఒక్కసారే చెల్లుతుంది. మూడుసార్లు అన్నావంటే, మరి ఏం చూస్తున్నావయ్యా అని అడుగుతాడు, అడగాలి కూడా.

బేస్‌బాల్‌లో జిమ్ జాయిస్ కథ వాడికి తెలుసు. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో అర్మాండో గలరాగా అనే పిచర్ ఇరవై ఆరుగురిని వరసగా అవుట్ చేశాడు. ఇరవై ఏడోవాడు కూడా అవుటైతే అది పర్‌ఫెక్ట్ గేమ్, ఆ ఆటలో అతి అరుదైన ఘనత. అవుటయ్యాడు కూడా. అంపైర్ జాయిస్ కాదన్నాడు. ఆట అయ్యాక రీప్లే చూసుకుని, గలరాగా దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగాడు. మర్నాడు ఆటకి ముందు జట్టు జాబితా కాగితం జాయిస్‌కి అందించడానికి గలరాగానే వచ్చాడు. జాయిస్ కళ్ళు తుడుచుకోవడం దేశమంతా చూసింది. ఆ తీర్పు మాత్రం మార్చలేదు, గలరాగా పేరిట ఆ పర్‌ఫెక్ట్ గేమ్ లేదు. ఒప్పుకోవడం వల్ల ఘనత తిరిగి రాలేదు. కానీ జాయిస్ మర్నాడు అదే మైదానంలో మళ్ళీ నిలబడగలిగాడు. మాకు కావలసింది అదే. తప్పు చేసిన రాత్రి తర్వాత ఇంకో రాత్రి ఉంటుంది, ఆ రాత్రి ఆడే పిల్లలు వేరు. నిన్నటి లెక్కలు వాళ్ళ మీద రుద్దకుండా విజిల్ పట్టుకోగలగాలి.

వాడు మానలేదు. రెండు వారాల తర్వాత మళ్ళీ జేవీ ఆటకి వెళ్ళాడు. ఈసారి వాళ్ళమ్మగారు కూడా వెళ్ళారు, వాడికి చెప్పకుండా. నాకు ఫోన్ చేసి చెప్పారు తర్వాత. "ఆటలో ఏం జరిగిందో నాకేం అర్థం కాలేదు అన్నయ్యగారూ. వాడి మొహమే చూస్తూ కూర్చున్నా." వెనక వరసలో ఒకాయన మొదటి నుంచీ గొంతు చించుకుంటున్నాడట, కళ్ళు కనబడవా అనీ, ఇంటికి పో అనీ. ఈవిడ ఏమీ అనలేదు. హాఫ్ టైమ్‌లో ఆయనే మర్యాదగా వంగి, "మీ అబ్బాయి నంబరెంత?" అని అడిగాడట.

"నంబరు లేదండీ, ఆ చారల చొక్కావాడు" అన్నారట ఈవిడ.

పాపం, ఆయన మొహం చిన్నబోయిందట. సారీ కూడా చెప్పాడట. రెండో సగంలో మరి అరవలేదా అని అడిగాను.

"అయ్యో, ఎందుకు అరవలేదూ? కాకపోతే అరుపులన్నీ రెండో రెఫరీ మీదికి పోయాయి."